జలగడుగు

కొన్ని మాటలు నిఘంటువులో నిద్రపోతూ ఉంటాయి. అవి చనిపోయినవనుకొని మనం పుట తిరగవేసి ముందుకు సాగిపోతాము. అటువంటి మాట ఒకటి నాకు నేర్పిన పాఠాన్ని ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను పంచుకొందామని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

కొన్నేండ్ల క్రిందట డిగ్రీ తరగతిలో నిఘంటువును చూసే పద్ధతి బోధిస్తున్నాను. పుటలు తిరగవేస్తుండగా “జలగడుగు” అనే క్రియ కంటబడినది. కంసాలి కుంపటిలోని బూడిదను, అంగడి దుమ్మును నీట కడిగి, అందులో కలిసిపోయిన బంగారు వెండి రజనును వేరుచేయడమని దాని అర్థం. ఆ పని చేసేవాడు జలగడుగువాడు. అర్థం చదివి వినిపించి, “ఇది వెనుకటి కాలపు మాట. వృత్తి పోయినది, మాట మిగిలినది” అని తేల్చివేశాను. తరగతిలో ఎవరూ ఏమీ అనలేదు.

గంట కొట్టిన తరువాత ఒక విద్యార్థి అధ్యాపకుల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాతబస్తీ నుండి వచ్చే పిల్లవాడు. మాట తక్కువ.

“సార్, తప్పనుకోకుండ్రి. ఆ పని ఇంకా ఉన్నది. మా మేనమామ చేస్తడు, చార్మినార్ దగ్గర.”

“మరి తరగతిలో ఎందుకు చెప్పలేదు, నాయనా?”

అతడు తలవంచుకొన్నాడు. “నవ్వుతరని, సార్.”

ముప్పై యేండ్ల అధ్యాపక వృత్తిలో నేను చేసిన పొరపాట్లలో ఇది పెద్దదిగా నాకు తోచినది. బ్రతికి ఉన్న వృత్తిని నేను మృతమని ప్రకటించాను. ఆ వృత్తితో బ్రతుకుతున్న ఇంటి బిడ్డ నా యెదుట బల్ల మీద కూర్చుండి అది విన్నాడు. ఆ ఆదివారం తెల్లవారుజామున నన్ను వెంటబెట్టుకొని పొమ్మని అతడినే అడిగాను.

గుల్జార్ హౌజ్ చుట్టూ

మదీనా కూడలి దాటి, పత్తర్‌గట్టి రాతి వరండాల వెంట దక్షిణంగా నడిస్తే మచిలీ కమాను వస్తుంది. దానిని దాటితే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు, నడుమ నీటి తొట్టి. 1591లో చార్మినారును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలపు కట్టడాలే ఇవికూడాను. పగటివేళ ఈ చోట ముత్యాల వర్తకులు, వెండి బంగారు నగల దుకాణాలు, కొనేవారు, అమ్మేవారు, కాలు పెట్ట సందుండదు. దుకాణాల వెనుక సందులలోను, మేడల మీది ఇరుకు గదులలోను పనివాండ్రు కూర్చుండి నగలు చేస్తారు. వారిలో వంగదేశం నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు.

మేము వెళ్ళేసరికి అంగళ్ళన్నీ మూసి ఉన్నవి. ముగ్గురు నలుగురు మనుష్యులు మాత్రం వంగి, కుచ్చు చీపుళ్ళతో అరుగుల అంచులను, మెట్ల సందులను, మురుగుకాలువ గట్టును ఊడుస్తున్నారు. ఊడ్చిన దుమ్మును పారవేయడం లేదు. భద్రంగా సంచిలోకి ఎత్తుతున్నారు. పురపాలక సంఘం వారు ఊడిస్తే వీధి శుభ్రపడుతుంది. వీరు ఊడిస్తే వీధి ఫలిస్తుంది.

ఈ దుమ్ములో బంగారం ఎట్లా వచ్చినదని విద్యార్థులు అడుగవచ్చును. ఆకురాయితో నగను రాచినప్పుడు, రంపంతో తీగను కోసినప్పుడు, మెరుగు పెట్టినప్పుడు కంటికి ఆనని రజను రాలుతుంది. కొంత పనివాని వెంట్రుకలలో చిక్కుకొంటుంది, కొంత బట్టలకు అంటుకొంటుంది, కొంత కాలి మడమతో వీధికి వస్తుంది, కొంత చేయి కడిగిన నీటితో మురుగులోకి జారుతుంది. యజమాని తెలివైనవాడు. గదిలో ఊడ్చిన చెత్తను, పగిలిన మూసలను, కుంపటి బూడిదను ఊరకే పోనీయడు, వెలకట్టి అమ్ముతాడు. వీధిలోకి పోయినది మాత్రం ఎవరిదీ కాదు. అది తెల్లవారుజామున లేచినవానిది.

పిల్లవాని మేనమామ నన్ను చూసి నిటారుగా నిలబడి నమస్కరించాడు.

“రోజూ దొరుకుతుందాండీ?” అని అడిగాను.

“దొరికిన్నాడు దొరికినంత. ఈ గల్లీ ఎవర్ని పస్తు వెట్టది సారూ, ఎవర్ని మేడ గట్టనియ్యది.”

ఉర్దూ మాటలాడే వారు ఈ వృత్తివానిని నియారియా అంటారు. న్యారా అంటే వేరు, విడి అని అర్థం. వారి భాష వేరుచేయడాన్ని చూసినది. మన భాష నీటిని, కడగడాన్ని చూసినది. రెండు మాటలనూ కలిపితే ఈ వృత్తి లక్షణం సంపూర్ణమవుతుంది.

నీరు, నిప్పు, తేజాబు

ఇంటి వాకిట్లో ఒక నీటి తొట్టి, వెడల్పాటి ఇనుప తట్ట. మేనమామ దుమ్మును తట్టలో పోసి, నీటిలో ముంచి, గుండ్రంగా త్రిప్పసాగాడు. పైపై మట్టి తేలి పోతున్నది. అడుగున నల్లని ఇసుక మిగులుతున్నది. ఇందులో మంత్రమేమీ లేదు, బరువుల తారతమ్యమే. ఒకే పరిమాణం గల నీటికంటె ఇసుక రెండున్నర రెట్లకు కొంచెం పైగా బరువు, ఇనుము సుమారు ఎనిమిది రెట్లు, వెండి పదిన్నర రెట్లు, బంగారం పందొమ్మిది రెట్లకు పైగా. కనుక నీటిని త్రిప్పుతున్నకొద్దీ తేలికైనవి ముందు పోతాయి, బంగారం అందరికన్న చివర అడుగు పడుతుంది. ఇనుప రజనును అయస్కాంతంతో లాగివేశాడు. మిగిలిన నల్లని ఒండులో నాకేమీ కనబడలేదు.

“కండ్లకు గనవడదు సారూ. చేతికి దెలుస్తది” అన్నాడు.

ఆ ఒండులో పాదరసం పోసి పిసికాడు. పాదరసానికి బంగారు వెండి రేణువులను తనలో కలుపుకొనే గుణం ఉన్నది. ఆ ముద్దను బట్టలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం కారిపోతుంది. మిగిలిన ముద్దను పొయ్యిపై కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది. దొరికినదానిని వెలిగారం చల్లి మూసలో కరిగిస్తే చిన్న గోళీ తయారవుతుంది. అది మేలిమి బంగారం కాదు. 22 కారెట్ల నగలోనే నూటికి ఎనిమిది పాళ్ళకు పైగా వెండి, రాగి ఉంటాయి కదా! వీధి దుమ్ములో అన్ని నగలూ కలిసినవి. కనుక ఆ గోళీలో బంగారం, వెండి, రాగి మూడూ ఉన్నవి.

వాటిని విడదీసే సాధనం నత్రికామ్లం. బజారులో దానిని తేజాబు అంటారు. అది వెండిని, రాగిని కరిగిస్తుంది, బంగారాన్ని తాకదు. అయితే ఒక చిక్కు ఉన్నది. గోళీలో బంగారం పాలు ఎక్కువైతే అది వెండికి కవచమై నిలుస్తుంది, తేజాబు లోపలికి చొరదు. అందుచేత బంగారం నాలుగవ పాలుకు తగ్గేటట్లు మరికొంత వెండిని కలిపి కరిగిస్తారు. వెండిని తీయడానికి వెండినే కలపడం! ఈ ఉపాయం వినగా చదువు లేదనుకొనే చోట ఎంత చదువున్నదో నాకు బోధపడినది.

తేజాబు గిన్నెలో ఎర్రని పొగలు లేచినవి. అడుగున గోధుమరంగు పొడి మిగిలినది. అదే బంగారం, కరిగిస్తే గాని తన రంగు చూపదు. పైనున్న ద్రవంలో రాగిరేకు వేస్తే వెండి బూడిదరంగు నాచువలె రేకు చుట్టూ పేరుకొన్నది. అంతా అయిన తరువాత గిన్నెలో నీలిరంగు నీరు మిగిలినది. అది రాగి. దానిని మాత్రం మోరీలో పారబోశారు.

కౌటిల్యుని పాంసుధావకులు

ఇంటికి తిరిగి వచ్చి అర్థశాస్త్రం తీశాను. సువర్ణాధ్యక్షుని విధులను చెప్పే ప్రకరణంలో, అక్షశాలలోకి వచ్చిపోయే పనివారిని లెక్కిస్తూ కౌటిల్యుడు పాంసుధావకులను పేర్కొన్నాడు. పాంసువు అంటే దుమ్ము, ధావకుడు కడిగేవాడు. మన జలగడుగువాడే! రాజుగారి బంగారు కర్మశాలలో కొలిమి ఊదేవానితో, నగ చేసేవానితో సమానంగా అతనికొక స్థానం ఉన్నది. వారందరినీ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు బట్టలు, చేతులు సోదా చేయవలెనని కూడా ఆ గ్రంథం విధించినది. అదే ప్రకరణంలో మలినమైన బంగారాన్ని, మాలిన్యానికి నాలుగింతల సీసం చేర్చి శుద్ధి చేసే పద్ధతి ఉన్నది. అంటే దుమ్ము కడగడమూ, లోహాన్ని విడదీయడమూ ఈ దేశంలో రెండువేల యేండ్లకు తక్కువ కాని విద్య. ఆ విద్య గలవానిని అవసరమని లోపలికి పిలిచారు, దొంగయేమోనని సోదా చేశారు. రెండూ ఆనాటినుండి కలిసే వస్తున్నవి.

కర్మాగారంలో కుడియెడమలు

మోరీలో పారబోసిన ఆ నీలిరంగు నీరు నన్ను కొన్ని రోజులు వెంటాడినది. మా కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకునితో ఆ మాట అంటే, ఆయన నవ్వి, “మీ గల్లీలో బంగారాన్ని ఉంచుకొని రాగిని పారబోస్తున్నారు. రాగి కర్మాగారంలో రాగిని ఎత్తుకొంటే బంగారం బురదలో పడుతుంది. పని ఒకటే, కుడియెడమలు మారినవి” అన్నారు. ఆయన వివరించినదాని సారాంశం ఇది.

రాగి గనిలో దొరికే రాతిలో చాలచోట్ల రాగి నూటికి ఒక పాలైనా ఉండదు. ఆ రాతిని పొడిచేసి, నూనె నురుగులో తేలించి, నూటికి ఇరవైయైదు ముప్పై పాళ్ళ రాగి గల సాంద్ర ఖనిజాన్ని తయారుచేస్తారు. దానిని కొలిమిలో కరిగించినప్పుడు మట్టి, ఇనుము చిట్టెంగా తేలిపోతాయి. ఖనిజంలో లేశమాత్రంగా ఉన్న బంగారం, వెండి మాత్రం రాగిని విడువవు. కరిగిన రాగిలో అవి కూడా కరిగి దాని వెంటనే వస్తాయి. ఆ రాగిని పలకలుగా పోతపోసి, గంధకామ్లం, మైలుతుత్తం కలిసిన తొట్టెలలో ధనధ్రువంగా వ్రేలాడగట్టి విద్యుత్తు పంపుతారు. రాగి కరిగి, ఎదుటి రేకు మీదికి పోయి, నూటికి 99.99 పాళ్ళ శుద్ధితో పేరుకొంటుంది. బంగారం, వెండి ఆ ప్రవాహంలో కరుగవు. పలక అరిగిపోతున్నకొద్దీ నల్లని ఒండుగా తొట్టె అడుగున రాలుతాయి. దీనిని ఆనోడ్ బురద అంటారు. ఈ విద్యుత్ శుద్ధికి ఇంగ్లండులో జేమ్స్ ఎల్కింగ్టన్ 1865లో పేటెంటు పొందాడు.

ఇక ఆ బురదను కడగడం. ముందు గంధకామ్లంతో మిగిలిన రాగిని తీస్తారు. తరువాత కాల్చి సెలీనియాన్ని వేరుచేస్తారు. మిగిలినదానిని కరిగిస్తే వెండి ఎక్కువగా, బంగారం తక్కువగా ఉన్న దిమ్మ వస్తుంది. దానిని మరల పలకగా చేసి, వెండి లవణపు ద్రావణంలో వ్రేలాడగట్టి విద్యుత్తు పంపుతారు. ఇది 1884 నాటి మోబియస్ పద్ధతి. ఈసారి వెండి ఎదుటి ధ్రువానికి పోతుంది, బంగారం మరల బురదగా అడుగు పడుతుంది. ఆ బురదను శుద్ధిచేయడానికి జర్మనీలో ఎమిల్ వోల్‌విల్ హాంబర్గు నగరాన మరొక విద్యుత్ పద్ధతిని కనిపెట్టాడు. బురదలోని బురద బంగారం! తట్టలో చివర అడుగుపడేది ఏదో, ఇక్కడా చివర అడుగుపడేది అదే.

మన తెలుగునాట రాగి జాడలు లేకపోలేదు. పల్నాటి అగ్నిగుండాల ప్రాంతం రాగి, సీసపు ఖనిజాలకు ప్రసిద్ధి. కాని ఈ బురద కడిగే పని మన దేశంలో జరిగిన చోట్లలో జార్ఖండు ఒకటి. అక్కడ ఘాట్‌శిలా దగ్గరి మౌభండార్‌లో బ్రిటిషువారి కాలంలో వెలసిన రాగి కర్మాగారం 1972లో ప్రభుత్వపరమై హిందుస్థాన్ కాపర్ సంస్థలో చేరినది. రాగితోపాటు బంగారం, వెండి, సెలీనియం, టెల్లూరియం అక్కడి ఉపఫలాలుగా లెక్కకు వచ్చినవి.

మిగిలిన దిబ్బలు

తీయగా మిగిలినదానిలో కూడా మిగిలి ఉంటుందనడానికి మనకు పొరుగున పెద్ద నిదర్శనం కోలారు బంగారు గనులు. తెలుగు వినబడే ఆ సరిహద్దు సీమలో మూడు వేల మీటర్లకు మించిన లోతు వరకు దిగి తవ్విన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. తవ్వి పొడిచేసి, సైనైడు ద్రావణంతో బంగారం తీసుకొన్న తరువాత పారపోసిన ఒండు కొండలవలె నిలిచి ఉన్నది. ఈ సైనైడు పద్ధతి స్కాట్లండులో 1887లో పుట్టినది. గాలి వీచినప్పుడు ఆ దిబ్బల దుమ్ము ఊరి మీదికి లేస్తుంది. ఆ దిబ్బలలో ఇంకా బంగారం ఉన్నదని, 13 దిబ్బలను తిరిగి తవ్వాలన్న కేంద్రప్రభుత్వ ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించినది. గనిలో దిగినవారి పిల్లలు పీల్చిన దుమ్ములోని బంగారానికి ఇప్పుడు వెల వచ్చినది.

మన కాలపు కొత్త దిబ్బ మరొకటి ఉన్నది. పాతబడిన సెల్‌ఫోనులు, కంప్యూటర్లు. వాటి లోపలి సర్క్యూట్ పలకలలో రాగి తీగల అతుకులకు బంగారపు పూత ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పక్షాన 2024లో వెలువడిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఇటువంటి చెత్త పోగైనది. అందులో లెక్కప్రకారం సేకరించి శుద్ధి చేసినది నూటికి 22 పాళ్ళ పైచిలుకు మాత్రమే. మన హైదరాబాదులోనే చర్లపల్లి వద్ద సి-మెట్ అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ ఈ పలకల నుండి రాగిని, బంగారాన్ని, వెండిని వెలికితీసే పద్ధతులపై కృషి చేసినది. తయారీదారులే తమ వస్తువుల చెత్తకు బాధ్యులు కావలెనని చెప్పే కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినవి. అయినప్పటికీ మన నగరాల మూలలలో బట్టీల ముందు తీగలు కాల్చేవారు, తేజాబు తొట్టెలలో చేతులు పెట్టేవారు ఉన్నారు. వారూ జలగడుగువారే. వారికి నిఘంటువులో ఇంకా మాట లేదు.

పాదరసం సంగతి

నేను మొదట వ్రాయవలసినదానిని చివరకు ఉంచాను. మేనమామ వ్రేళ్ళు పసుపుపచ్చగా ఉన్నవి. తేజాబు పడిన చర్మానికి వచ్చే రంగు అది. అంతకన్న నన్ను భయపెట్టినది పాదరసపు ముద్దను కాల్చిన పొయ్యి. అదే గదిలో, రెండు బారల దూరంలో, ఆ ఇంటి ఇల్లాలు అన్నం వండుతున్నది. పాదరసపు ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. అది ఊపిరితో లోపలికి పోయి నరాలను, మూత్రపిండాలను పాడుచేస్తుంది. చేతులు వణకడం దాని గుర్తులలో ఒకటి. గర్భస్థ శిశువులకూ, పసిపిల్లలకూ అది మరింత ప్రమాదం. పాదరసం వాడుకను తగ్గించడానికి ప్రపంచదేశాలు 2013లో మినమాటా ఒడంబడిక చేసుకొన్నవి, మన దేశం 2018లో దానిని ధ్రువీకరించినది. ఒడంబడిక ఆ ఇరుకు గదిలోకి ఇంకా రాలేదు.

నేను ఆ మాట చెప్పగా మేనమామ కోపగించుకోలేదు. “తెలుసు సారూ. మా నాయిన చేతులు గిట్లనే వణుకుతుండె. మరి ఏం జెయ్యాలె, అది జెప్పుండ్రి” అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. సమాసాలు, సంధులు చెప్పగలను గాని పాదరసానికి విరుగుడు ఎరుగను. ఆ ప్రశ్ననే తెచ్చి రసాయనశాస్త్ర మిత్రుని ముందు పెట్టాను. ఆయన కాగితం తీసుకొని ఒక బొమ్మ గీశారు. బిగువైన మూత గల ఇనుప పాత్ర, మూత నుండి వంగి దిగే ఇనుప గొట్టం, గొట్టం చుట్టూ తడిబట్ట, దాని కొన క్రింద నీటి గిన్నె. ముద్దను పాత్రలో మూసి కాలిస్తే ఆవిరి గొట్టంలో చల్లబడి మరల పాదరసపు చుక్కలై నీటిలో పడుతుంది. ఊపిరికి హాని తగ్గుతుంది, కొన్న పాదరసం మళ్ళీ చేతికి వస్తుంది. అయినా దీనిని ఇంట కాక ఆరుబయటనే చేయవలెనని, తేజాబు పొగకు ఎదురుగా నిలువరాదని, అసలు పాదరసమే వాడకుండ తట్టతోనే సాధ్యమైనంత శుద్ధి చేసుకోవడం అన్నిటికంటె మేలని ఆయన క్రింద వ్రాశారు. నేను దానిని వాడుక తెలుగులోకి మార్చి పిల్లవానికి ఇచ్చాను. నా జీవితంలో నేను చేసిన అనువాదాలలో నాకు తృప్తినిచ్చినది అదొక్కటే.

నెల గడిచిన తరువాత ఆ పాత్రను వెల్డింగు దుకాణంలో చేయించారని, పొయ్యి మేడ మీదికి మారినదని పిల్లవాడు చెప్పాడు. పాదరసం మాత్రం మానలేదట. ఒక్క కాగితంతో ఒక కులవృత్తి మారుతుందనుకొనేంత అమాయకుడను కాను. కాని ఆ ఇంట అన్నం వండే పొయ్యికి, విషం కాల్చే పొయ్యికి నడుమ ఒక అంతస్తు దూరం ఏర్పడినది.

మరుసటి సంవత్సరం అదే పాఠం వచ్చినప్పుడు, పై తరగతికి పోయిన ఆ పిల్లవానిని పిలిపించాను. అతడు ఇనుప తట్టను, ఒక సంచి వీధి దుమ్మును తెచ్చి, బకెట్టు నీటిలో కడిగి చూపాడు. తట్ట అంచున గోటి మీది తెల్లమచ్చకంటె చిన్నదైన పసుపు గీత మిగిలినది. పిల్లలందరూ బల్లలు వదలి ముందుకు వచ్చి వంగి చూశారు. ఎవరూ నవ్వలేదు. “ఇంత మట్టిలో ఇది ఉన్నదని నీకెట్లా తెలిసినది?” అని ఒక బాలిక అడిగినది. “ఉన్నదో లేదో కడిగితేనే తెలుస్తది” అన్నాడు.

ఆ సాయంకాలం నిఘంటువు తెరచి, “జలగడుగు” అనే మాట ప్రక్కన అంచులో పెన్సిలుతో ఒక వాక్యం వ్రాసుకొన్నాను: ఈ వృత్తి నేటికీ ఉన్నది, గుల్జార్ హౌజ్ దగ్గర, తెల్లవారుజామున.